కుడి తలుపు స్పీకరు

డోలు దివ్యంగా వినబడుతోంది, మరి నాదస్వరం ఎక్కడ చచ్చింది? ఎడమ తలుపులోంచి డోలు దడదడమని మోగుతోంది. కుడి తలుపులో మాత్రం ఎవరో నోట్లో గుడ్డలు కుక్కినట్టు ఒక మూలుగు, అంతే. రెండు నెలలుగా ఇదే వరస. డ్రైవరు సీట్లో కూర్చున్న కాశీవిశ్వనాథం ఇక ఆపమన్నట్టు చెయ్యి ఊపాడు. మార్కాపురం స్టేషన్ రోడ్డులో ఈ కారు సామాన్ల దుకాణం ముందు బండి ఆపి ఎంతోసేపు కాలేదు గానీ, ఆయనకు అప్పుడే విసుగొచ్చేసింది. దుకాణం నడిపే లీదియా కొంగు నడుముకు దోపుకుని, కుడి తలుపు లోపలి అట్ట ఊడదీసి గోడకు ఆనించింది, స్క్రూలన్నీ ఒక సీసా మూతలో పోసిపెట్టింది. అట్ట తీసిన తలుపు లోపలంతా ఇనుప కమ్మీలు, వైర్లు, ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము. మనుషులను కూడా ఇట్లా విప్పి చూడగలిగితే ఎంత బాగుండు అనుకుని ఆయన రోడ్డు అవతలికి చూశాడు. అక్కడ పలక వ్యాపారుల సంఘం ఆఫీసు మెట్టు మీద ఓబులయ్య కూర్చుని ఉన్నాడు. ఐదింటికి పంచాయతీ అంటే ఇప్పుడే వచ్చేశాడు మహానుభావుడు. తువ్వాలు మోకాళ్ళ మీద పరుచుకుని, వచ్చే పోయే ఆటోలను చూస్తున్నాడు. రాళ్ళు మార్చిన మనిషి అంత తీరిగ్గా ఎట్లా కూర్చోగలడు?

మార్చాడు, అందులో అనుమానమేముంది. ఓబులయ్య గనిలో ఒక్కొక్క రాయినీ తను స్వయంగా వేలితో కొట్టి, చెవి వంచి విని, మోగిన దానికే ఎర్ర సుద్దతో గీత పెట్టి వచ్చాడా లేదా? వచ్చాడు. ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి, గని దారి బురదై లారీ దిగలేదు, తనకు జ్వరం వచ్చి మంచం పట్టాడు. లేచి తిరగడం మొదలుపెట్టాక లారీ వచ్చింది. తన పలకల ఫ్యాక్టరీ గేటు ముందే ఆపించి మొదటి రాయి కొట్టి చూస్తే గుల్ల. రెండోది గుల్ల. గీతలు మాత్రం ఎర్రగా, తను పెట్టినట్టే ఉన్నాయి. లోపల పగులున్న రాయి మిషను కింద పెడితే ముక్కలైపోతుంది, పలకా రాదు, టైలూ రాదు. ఒక్క రాయి కూడా దింపనీయకుండా వీధి వీధంతా చూస్తుండగా లోడుకు లోడు వెనక్కి పంపించాడు. 'నేనట్ల చేసేటోణ్ణా అన్నా?' అన్నాడు ఓబులయ్య, లారీ మెట్టు పట్టుకుని. 'ఒక్క రాయి కొయ్యి. ఒక్కటంటే ఒక్కటి. పగిలితే నీ చెప్పు, నా చెంప' అన్నాడు. ఎందుకు కొయ్యాలి? నా చెవి చాలదా, అన్నాడు తను. చాలు కదా మరి. ఊళ్ళో ఎవరికి రాయి మీద అనుమానమొచ్చినా విశ్వనాథం చేత కొట్టించండి అంటారు. ఇవాళ సంఘం పెద్దలు కూడా కోతా గీతా అడగరు, తను అవునంటే అవును, కాదంటే కాదు. అప్పుడిక ఓబులయ్య గని నుంచి మార్కాపురంలో ఎవడూ రాయి ఎత్తడు. ఎత్తకూడదు కూడా. అసలు ఈ మధ్య లోకమే చెడిపోయింది, ఆ తర్వాత బేస్తవారిపేట వైపు నుంచి వచ్చిన రెండు లోడ్లూ గుల్లరాళ్ళే. ఎవణ్ణి చూసినా మోసగాడే.

"బాబాయ్, ఇటు చూడు" అని లీదియా తలుపులోంచి ఊడదీసిన పాత స్పీకరును ఆయన ముఖం ముందుకు తెచ్చింది. చిన్న పెన్సిల్ సెల్లు తీసి వైర్లకు తాకించింది. స్పీకరు నల్ల కాగితం టప్‌మని ముందుకొచ్చి వెనక్కి పోయింది. "పానం ఉంది దీంట్లో. కాకపోతే కాగితం పాతబడింది. మార్చాలంటే మారుస్తా, నాకేంది, యాపారమే గదా. రోజూ పాట ఇనేది నువ్వే గదా."

"మార్చడానికే గదమ్మా వచ్చింది. రెండు తలుపులకూ మార్చు. ఒకటి కొత్తది, ఒకటి పాతది వద్దు."

"అయితే ఏది కావాలో చెప్పు. ఇది కాగితందే, పాటకు మెత్తగుంటాది. ఇది ప్లాస్టిక్‌ది, వాన తేమకు చెడదు. ఇదేమో సన్న గొంతుకు వేరే బుడ్డ స్పీకరు వస్తాది, అద్దం పక్కన బిగియ్యాల. నాదస్వరం ఇనేటోళ్ళకు ఇదే మేలు. అయస్కాంతం లావుది మాత్రం అడగొద్దు, అద్దం దిగేటప్పుడు తగులుతాది."

మూడు డబ్బాలూ కారు ముక్కు మీద పెట్టింది. కాశీవిశ్వనాథం మూడింటినీ తిప్పి తిప్పి చూశాడు. ఇట్లా డబ్బాలు చూసి స్పీకరు కొనడమంటే పెళ్ళిపత్రిక చూసి పెళ్ళికూతురిని మెచ్చుకోవడమే, దేన్నయినా వినాలి. వెనక సీట్లో భార్య కామేశ్వరి కదిలింది. ఆమె ఒళ్ళో పాత దుప్పటి ముక్కలో చుట్టిన రాయి ఉంది, అన్నం పళ్ళెమంత రాయి, ఎర్ర గీతతో సహా. లోడు వెనక్కి పంపేటప్పుడు సాక్ష్యానికని తను ఒక్కటి తీసి దాచాడు. పంచాయతీలో పెద్దల ముందు పెట్టి కొట్టి వినిపిస్తాడు, అంతటితో తేలిపోతుంది. డిక్కీలో వేస్తే గతుకులకు పగులుతుందని ఆమె ఒళ్ళో పెట్టించాడు, ఆమె ఏమీ అనకుండా పట్టుకుని కూర్చుంది. ఈ మధ్య కామేశ్వరి మాటలు కూడా బాగా తగ్గించేసింది. అడిగినదానికి జవాబు, అంతే. ఎందుకు కోపమో అడగాలి, ఈ గొడవ తేలాక అడగాలి.

"ముందు కాగితందే పెట్టు" అన్నాడు.

లీదియా స్క్రూలు తిప్పుతుంటే ఆ కిర్రుకిర్రు ఎక్కడో దూరాన వీధి చివరనుంచి వస్తున్నట్టుంది. నాయన గుర్తొచ్చాడు. నాయన రాయిని చూడనిచ్చేవాడు కాదు. కళ్ళు మూయించి, వెనక నుంచి తల మీద చెయ్యి వేసి, కుడి పక్కకు వంచేవాడు. 'రాయిని చూసేదేంది, అది నల్లగా ఉంటాదని నీకు తెలీదా? ఇను. కొట్టినాక అది ఎంతసేపు మాట్లాడతాదో ఇను.' మంచి రాయి ఖంగుమంటుంది, అనేసి ఊరుకోదు, ఆ మోత సన్నగా సాగి సాగి పోతుంది. పగులున్నది ఒక్కసారి బద్‌మని నోరు మూస్తుంది. ఆ చివరి సన్నని సాగుడే అంతా, దాన్ని పట్టుకోవడమే విద్య. కుడి చెవి ఆనిస్తేనే అది దొరుకుతుందని నాయన నమ్మకం, తనకూ అదే అలవాటైంది. కోత మిషన్ల రొదలో, పక్క మనిషి అరిచినా వినబడని చోట, తను రాయి మీదికి కుడి చెవి వంచి పట్టేసేవాడు. లారీ డ్రైవర్లు కూడా నిలబడి చూసేవాళ్ళు. నాయన మాత్రం పోయే ముందు రెండేళ్ళు ఒకటే గోల, ఇప్పటి గనుల్లో రాయే లేదురా, అన్నీ మొద్దురాళ్ళు, నోరు లేని రాళ్ళు అని. ముసలాయన చాదస్తమని ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. తనూ నవ్వాడు. నాయనా, నీకు రాయి నచ్చదు, కూర నచ్చదు, కోడలు నచ్చదు అని ఎగతాళి చేశాడు.

పాట మొదలైంది. డోలు. దడదడమని అదే డోలు. కుడి వైపు నుంచి అదే మూలుగు. ఏంది ఇది, కొత్తది కదా! లీదియా వంగి స్టీరియోలో ఏదో నొక్కింది. "ఇప్పుడు ఇను బాబాయ్, కుడిది ఒక్కటే పెట్టినా."

"ఎడమ నుంచి గదమ్మా వస్తా ఉంది?"

"ఎడమది బంద్ చేసినాను బాబాయ్. అసలు పాడేది ఇదే" అని ఆమె కుడి తలుపు మీద అరచెయ్యి పెట్టింది. "ఇదో, చెయ్యి అదురుతా ఉంది గదా. నువ్వు గూడ పెట్టి చూడు."

ఆయన చెయ్యి పెట్టలేదు. ఎడమ వైపు నుంచి వస్తున్నది ఎడమ వైపు నుంచే వస్తున్నట్టు చెవులకు తెలీదా? ఈ పిల్ల తనకు వినడం నేర్పుతుందా? నలభై ఏళ్ళు రాళ్ళ గొంతు విన్న మనిషికి! వైరు సరిగ్గా అతికి ఉండదు, లేదా నాసిరకం సరుకు అంటగడుతోంది. ఏదైతేనేం, "ఆ బుడ్డ స్పీకరు ఉండేది బిగించు, అప్పుడు చూద్దాం" అన్నాడు. లీదియా పళ్ళు బిగబట్టుకుని మళ్ళీ స్క్రూలు విప్పడం మొదలుపెట్టింది. కోపం వచ్చి ఉంటుంది, రానీ. తనకు మాత్రం రాలేదా?

రోడ్డు అవతల ఓబులయ్య టీ తెప్పించుకున్నాడు. గ్లాసును రెండు చేతుల్తో పట్టుకుని ఊదుకుంటున్నాడు, ఎప్పుడూ అంతే, చల్లారిన టీ కూడా ఊదుకుంటాడు. ఈ పాట ఉన్న పెన్‌డ్రైవు ఓబులయ్య ఇచ్చిందే. వాళ్ళ ఊరి తిరునాళ్ళలో సన్నాయి మేళాన్ని ఎవరి చేతో రికార్డు చేయించి, 'నీ చెవికి తగిన సరుకు అన్నా, పట్టు' అని జేబులో వేశాడు. గిద్దలూరు పనుల మీద ఎన్నిసార్లు ఇద్దరూ ఈ కార్లోనే పోయారో. ఓబులయ్య ఎడమ సీట్లో కాళ్ళు పైకి పెట్టుకుని, నల్లమల కొండలు కనబడగానే గురక మొదలుపెట్టేవాడు, నాదస్వరం ఆగితే మాత్రం టక్కున లేచేవాడు. పెన్‌డ్రైవు తీసి పారేద్దామని ఈ రెండు నెలల్లో చాలాసార్లు అనుకున్నాడు. పారేయలేదు. దాని తప్పేముంది? మనిషి చెడితే పాట చెడుతుందా? కానీ పాట కూడా చెడింది, సరిగ్గా అప్పుడే చెడింది. జ్వరం తగ్గి మొదటిసారి కారు తీసినప్పుడే కుడి తలుపు మూగపోయింది. ఆ జ్వరంలో చెవి కూడా దిబ్బడేసింది, ఒకటే హోరు, కళ్ళు తిరగడం. కామేశ్వరి వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు వేసింది. నాలుగు రోజులకు హోరు పోయింది. హోరు పోయింది కదా, తగ్గినట్టే కదా.

తగ్గినట్టే. ఆ మాట దగ్గర ఎందుకో ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వదిలేశాడు, ఎందుకంటే లీదియా "అయింది" అంటోంది. ఈసారి అద్దం పక్కన కూడా చిన్న గుండీ అంత స్పీకరు బిగించింది, ఎడమన ఒకటి, కుడిన ఒకటి. పాట పెట్టింది. డోలు. ఎడమన గుండీలోంచి డోలు అంచుల టకటక కూడా వచ్చింది, అంత స్పష్టంగా. కుడిన ఏమీ లేదు. కాశీవిశ్వనాథానికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమ్మా లీదియా, నేను నీకు ఎట్ల కనబడతాండా? జతలో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది పెట్టి అమ్ముతున్నావా? ఎవడో వెనక్కిచ్చిన సరుకు నా మొహాన కొడతావా?"

లీదియా చేతిలోని స్క్రూడ్రైవరు కిందికి దించింది. ఆమె ముఖంలో కోపం పోయింది, అదే ఆయనకు వింతగా తోచింది. "నేనట్ల చేసేదాన్నా బాబాయ్?" అంది.

అదే మాట. లారీ మెట్టు పట్టుకుని ఓబులయ్య అన్నదీ అదే మాట, అదే గొంతు. అరవలేదు, బతిమాలలేదు. ఆశ్చర్యపోయినట్టు అడిగాడు. తన మాట నిజమని ఎవరో ఒకరు చెప్పాలి. "కామేశ్వరీ, నువ్వు చెప్పు, వింటున్నావు గదా" అంటూ సీట్లో మోకాలు పైకి మడిచి, నడుం తిప్పి, వీపు స్టీరింగుకు ఆనేలా మొత్తం వెనక్కి తిరిగాడు.

నాదస్వరం వచ్చింది. తలుపు తెరిచినట్టు వచ్చేసింది. తెరలు తెరలుగా, రెండు నెలలుగా దాక్కున్నదంతా ఒక్కసారి ఎడమ చెవిలోకి వచ్చిపడింది. డోలు ఏది? డోలు ఎటుపోయింది? ఆయన ముందుకు తిరిగాడు. డోలు వచ్చింది, నాదస్వరం పోయింది. వెనక్కి తిరిగాడు. నాదస్వరం. లీదియా ఏ మీటా ముట్టలేదు, చేతులు కట్టుకుని అవతల నిలబడి ఉంది. కారు తలుపులు ఎక్కడివక్కడే ఉన్నాయి. తిరిగింది తన తల ఒక్కటే. పాట ఆపేశాడు. కుడి చెవి పక్కన బొటనవేలూ చూపుడువేలూ కలిపి రుద్దాడు. ఏమీ లేదు. ఎడమ చెవి పక్కన రుద్దాడు, చరచరమంది. మళ్ళీ కుడి. ఏమీ లేదు, ఏమీ లేదు. ఓరి నీ! స్పీకరు కాదు. జ్వరం తగ్గింది గానీ చెవి రాలేదు. రాలేదని చెప్పడానికి దానికి నోరెక్కడిది?

"ఆ రాయి ఇటివ్వు" అన్నాడు. కామేశ్వరి దుప్పటి విప్పి అందించింది. ఎర్ర గీత చెక్కుచెదరలేదు. ఎడం చేతి వేళ్ళ మీద రాయిని నిలబెట్టి, అలవాటు ప్రకారం కుడి చెవి వంచి, నడిమి వేలి కణుపుతో కొట్టాడు. బద్. గుల్ల. తల తిప్పి ఎడమ చెవి వంచి కొట్టాడు. ఖంగుమంది. అనేసి ఊరుకోలేదు, సాగింది, సన్నగా సాగి సాగి, ఇంకా ఉందా పోయిందా అన్నంతసేపు సాగింది. అదే రాయి. పగులు లేదు, ఎప్పుడూ లేదు. తను గీత పెట్టిన రాయే, ఓబులయ్య తెచ్చిన రాయే. బేస్తవారిపేట రాళ్ళూ మంచివే అయి ఉంటాయి. మోసగాళ్ళనుకున్న వాళ్ళందరూ ఎవరి పని వాళ్ళు సక్రమంగా చేసుకుంటున్న మనుషులు. నాయనా! నోరు లేని రాళ్ళురా అన్నప్పుడు నీ చెవి కూడా ఇట్లాగే పోయిందా? నేను నవ్వాను కదా నాయనా.

సిగ్గేసింది. ఆ వెనకే భయం వేసింది, పచ్చి భయం. ఇది తను చెప్తే గానీ ఎవరికి తెలుస్తుంది? లీదియాకు అర్థం కాలేదు, గొణుగుతూ డబ్బాలు సర్దుకుంటోంది. ఇప్పుడు స్పీకర్లు బిగించుకుని, రోడ్డు దాటి, గుల్లే అని ఒక్క మాట అంటే చాలు, తన పేరు తనకుంటుంది. లేదూ నా చెవి పోయింది అంటే? రేపు రాయి పట్టుకుని గడప తొక్కేదెవడు? విశ్వనాథం చేత కొట్టించండి అనే మాట ఇవాళ్టితో సరి. నాయన ఇచ్చిన ఆస్తి మిషన్లూ షెడ్డూ కావు, ఈ చెవే. ఎడమది ఉంది కదా, ఎడమతో నేర్చుకోవచ్చు కదా అనుకున్నాడు, అనుకోగానే ఎవరు నమ్ముతారు అనిపించింది. రోడ్డు అవతల ఓబులయ్య ఖాళీ గ్లాసు మెట్టు మీద పెట్టి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. ఇవాళ అది గుల్లరాయి అయితే ఆ మనిషి గని మూసుకోవాలి. మూసుకుని ఏం చేస్తాడు? రాయి తప్ప ఆయనకు మాత్రం ఏం తెలుసు?

"కామేశ్వరీ, నా కుడి చెవి పోయింది" అన్నాడు. చాలా మామూలుగా వచ్చింది మాట, కారు తాళాలు పోయాయన్నట్టు.

"తెలుసండీ" అంది ఆమె.

"తెలిసి చెప్పలేదా?"

"చెప్పినానండీ. ఒకసారి గాదు. అన్నం తినేటప్పుడు చెప్పినా, టీవీ కాడ చెప్పినా, ఒకసారి ఒంగోలులో పెద్ద డాక్టరు దగ్గరికి పోదామని గూడ అంటి. అలవాటు కొద్దీ మీ కుడి పక్కనే కూచోని చెప్పినా. మీరు ఊఁ అని గూడ అనలా. ఆ మాట మీకు ఇష్టం లేదేమోలే అని ఊరకున్నా."

కాశీవిశ్వనాథానికి నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్ళలో నీళ్ళొచ్చాయి, భుజంతో తుడుచుకున్నాడు. రెండు నెలలుగా ఈమెకు ఎందుకు కోపం అని తను, ఈయనకు ఎందుకు కోపం అని ఆమె. సరిపోయింది సంసారం. కిటికీ లోంచి తల బయటపెట్టి పిలిచాడు. "లీదియమ్మా, నా పాతవే బిగించెయ్యి. నీ సరుకులో ఏం లోపం లేదు, నా చెవిలో ఉంది. నిన్ను ఊరకే అన్నాను, మనసులో పెట్టుకోవద్దు. నీ కష్టానికి ఏమిచ్చేది చెప్పు, ఇచ్చేసి పోతా."

లీదియా ఆయన ముఖం వైపు, ఆయన చెవి వైపు చూసింది. "అయ్యో, అట్లనా బాబాయ్" అంది. తర్వాత, "ఆ పాటను స్టీరియోలో రెండు పక్కలా ఒకటే వచ్చేటట్లు పెట్టిస్తాలే. డోలూ నాదస్వరమూ రెండూ ఎడమ పక్కనే ఇనొచ్చు" అని, సీసా మూతలోని స్క్రూలు వెతుక్కోవడంలో పడింది.

రాయిని గుండెకు ఆనించుకుని ఆయన రోడ్డు దాటాడు. కుడి వైపు నుంచి వచ్చిన ఆటో హారను వినబడలేదు. కామేశ్వరి వెనక నుంచి చొక్కా పట్టి లాగింది. సంఘం ఆఫీసులో ఫ్యాను కింద పెద్దలు అప్పటికే చేరారు, లోపల ఎవరో నవ్వుతున్నారు. ఓబులయ్య ఆయన్ను చూసి లేవలేదు, ముఖం తిప్పుకోనూ లేదు. కాశీవిశ్వనాథం మెట్టు మీద ఆయనకు కుడి పక్కన, ఆయన తన ఎడమ చెవికి వచ్చేలా చూసుకుని కూర్చున్నాడు. రాయిని ఇద్దరి మధ్యా పెట్టాడు.

"ఓబులన్నా, రాయి మంచిదే" అన్నాడు గొంతు తగ్గించి. "నా చెవే గుల్లబోయింది. కుడిది. జ్వరంలో పోయింది, నాకూ ఇప్పుడే తెలిసింది. తప్పు నాది."

ఓబులయ్య రాయి మీది ఎర్ర గీతను చూశాడు. బొటనవేలితో దాన్ని ఒకసారి తడిమాడు.

"నాకు చెప్పేదేంది?" అన్నాడు. "నా రాయి సంగతి నాకు తెలీదా? ఈదిలో పదిమంది ముందర లారీ తిప్పినావు. ఆ పదిమందీ లోపలుండారు. పోయి లోపల చెప్పు. గట్టిగా చెప్పు."

కాశీవిశ్వనాథం తల ఊపి లేచాడు. చెప్పులు విడిచి, రాయి చంకలో పెట్టుకుని మెట్టెక్కాడు. ఓబులయ్య కూడా లేచి తువ్వాలు దులుపుకున్నాడు. విశ్వనాథం కుడి పక్కకు వచ్చి నిలబడబోయి, ఆగి, వెనకనుంచి చుట్టి ఎడమ పక్కకు మారాడు.